బొంగ్లూరు దగ్గర దిగాల్సింది

రింగురోడ్డు మీదికి రెండు చక్రాల బండిని రానివ్వరు. నాది స్కూటర్. కొండాపూర్‌లో జిరాక్స్ షాపు పెట్టుకుని ఇన్నేళ్ళయినా, ఆ రోడ్డు కిందుగా ఎన్నోసార్లు వెళ్ళాను గానీ పైకి ఎక్కింది లేదు. షాపుకొచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు "ఓఆర్ఆర్ ఎక్కితే అరగంట అంకుల్, ఎక్కడికైనా అరగంటే" అంటూ ఉంటే, నా బతుకులో ఆ అరగంట లేదు కదా అనుకునేవాణ్ణి. దసరా వెళ్ళిన ఆదివారం ఎక్కాను. పొద్దున ఎక్కితే ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. ఇంకా ఎక్కనివాళ్ళు ఎక్కే ముందు తెలుసుకుంటే మంచిదని రాస్తున్నాను.

కొండాపూర్

మా అక్క లక్ష్మమ్మ, బావ ఓబులేసు మా వీధి చివరి అపార్ట్‌మెంటులో ఉంటారు. అందరిదీ ప్రొద్దుటూరే. బావ అక్కడ బట్టల దుకాణం ఎత్తేసి వచ్చి ఇక్కడ ప్లాట్లు అమ్మిపెట్టే పనిలో దిగాడు. ఆ పనికి కారే పెట్టుబడి. కొనేవాళ్ళను ఎక్కించుకుని, ఏసీ వేసి, దారంతా భవిష్యత్తు చూపించుకుంటూ తీసుకెళ్ళాలి. కారు లేని బ్రోకరును ఈ ఊళ్ళో ఎవరూ నమ్మరు.

ఈ మధ్య ఆ కారు సెల్లార్‌లో ఒక స్తంభానికి తగిలింది. తర్వాత వినాయక చవితి పందిరి గుంజకు తగిలింది. తప్పు స్తంభానిదీ గుంజదీ అని బావ వాదన. అక్క వినలేదు, తాళం ఇచ్చేయమని పట్టుబట్టింది. ఇద్దరి మధ్య మాటా మాటా పెరిగి అన్నం వడ్డించడం మానేసే దాకా వచ్చాక, నన్ను పిలిపించి ఒక ఒప్పందం చేసుకున్నారు. బావ ఆదివారం రింగురోడ్డు మీద తన ప్లాటు దాకా వెళ్ళి రావాలి. నేను పక్కన కూర్చుని చూడాలి. వచ్చాక తీర్పు చెప్పాలి.

"బాగ నడిపినాడని నువ్వంటే తాళం ఆయప్ప దగ్గరే ఉంటాది. లేదంటే నా చేతికియ్యాల, మళ్ళా అడగకూడదు" అంది అక్క.

బావ సరేనన్నాడు. నాకు ఇష్టమా కాదా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆదివారం షాపు మూసి పడుకుందామనుకున్న మనిషిని.

ప్లాటు చూసి రావడమనే ఆచారం ఒకటుంది ఇక్కడ. మా ప్రాంతంలో భూమిని ఎవరూ చూడటానికి వెళ్ళరు, పని ఉంటే వెళ్తారు. ఇక్కడ అలా కాదు. రింగురోడ్డు అవతల వందో రెండువందలో గజాలు కొన్న ప్రతి కుటుంబమూ అప్పుడప్పుడూ టిఫిన్ క్యారియర్ కట్టుకుని బయలుదేరుతుంది. హద్దురాళ్ళు ఉన్నచోటే ఉన్నాయా, ఎవరైనా కంచె వేశారా అని చూసుకోవాలి. మొలిచిన కంప కొట్టేయాలి. రాళ్ళ మీద వెలిసిపోయిన ప్లాటు నంబరు మళ్ళీ పెయింటుతో దిద్దాలి. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుని, ఆ ఖాళీ జాగాలోనే అన్నం తిని రావాలి. ఊళ్ళో జాతరకు కూడా ఇంత శ్రద్ధగా వెళ్ళేవాళ్ళం కాదు. బావ సొంత ప్లాటు బొంగ్లూరు వైపు ఉంది. డిక్కీలో కొడవలి, నల్ల పెయింటు డబ్బా, బ్రష్షు, టర్పెంటైన్ సీసా పెట్టాడు. అక్క చిత్రాన్నం, అలసంద వడలు కట్టిచ్చింది.

నానక్‌రామ్‌గూడ

మంచి కూడా చెప్పాలి కాబట్టి ముందే చెప్పేస్తాను. కొండాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా, ఆదివారం పొద్దున కూడా, ప్రతి మలుపులో ఒక ఆటో అడ్డం, ప్రతి ఆటో వెనుక ఒక హారన్. రింగురోడ్డు ఎక్కగానే అదంతా ఒక్కసారిగా పోయింది. సిగ్నళ్ళు లేవు, పానీపూరి బళ్ళు లేవు, ఎదురొచ్చేవాడు లేడు. బావ అప్పట్లో దుకాణంలో గుడ్డ చించినంత తిన్నగా నడిపాడు. స్టీరింగు మీద చేయి కదలలేదు. ఇంత బాగా నడిపే మనిషి మీద అక్కకు ఎందుకీ కక్ష అనుకున్నాను, తీర్పు అప్పుడే మనసులో రాసేసుకున్నాను.

నేను ఫోనులో మ్యాపు పెట్టబోతే బావ వద్దన్నాడు. ప్లాట్లమ్మేవాడికి ఫోను దారి చెప్పడం పరువు తక్కువట. కాసేపటికి పైన పెద్ద ఆకుపచ్చ బోర్డు కనబడింది.

"ఏదీ, ఆ బోర్డులో ఏముందో చదువు చూద్దాం. జిరాక్సులు తీసి తీసి అచ్చరాలు మరిచిపోయింటావు" అన్నాడు.

ఇంటర్‌లో ఇంగ్లీషు తప్పినప్పటి నుంచి ఆయన నన్ను ఇలాగే ఆడిస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. నువ్వే చదువుకో అని కిటికీ వైపు తిరిగాను. ఆ బోర్డు దగ్గరే దారి రెండుగా చీలుతుంది, శంషాబాద్ వైపు ఒకటి, పటాన్‌చెరు వైపు ఒకటి. మేము శంషాబాద్ వైపు వెళ్ళాలి. బావ ముందున్న లారీ వెనకే వెళ్ళాడు. ఆ లారీ పటాన్‌చెరు పోతోంది.

కోకాపేట

రింగురోడ్డు మీద తప్పు చేస్తే అది వెంటనే తెలుస్తుంది, దిద్దుకోవడానికి మాత్రం కుదరదు. వెనక్కి తిరగడానికి లేదు, ఆపి అడగడానికి మనిషి లేడు. ప్రొద్దుటూరు నుంచి కడప పోయే దారిలో తప్పిపోవడమే కష్టం. బండి కాస్త నెమ్మదిస్తే చాలు, టీ కొట్టు దగ్గర కూర్చున్నవాడు లేచి వచ్చి యాడికి పోవాలప్పా అని అడుగుతాడు, మనం చెప్పకపోయినా దారి చెప్తాడు. ఇక్కడ ఇంత పెద్ద రోడ్డు వేసి, అడగడానికి ఒక్క మనిషిని పెట్టలేదు.

కోకాపేటలో దిగాం. పైన ఉన్న సుఖమంతా కింద సర్వీసు రోడ్డులో వడ్డీతో సహా తిరిగి ఇచ్చేశాం. సిమెంటు మిక్సర్లు, కంకర టిప్పర్లు, మెడ నొప్పి పుట్టేంత ఎత్తు టవర్లు. ఒక టవరు కింద అద్దాల కాఫీ షాపు ఉంది, కప్పు కాఫీ రెండు వందల పైచిలుకు అని బయటే రాశారు. దాని ఎదురుగా టార్పాలిన్ కింద టీ బండి, టీ పదిహేను. కట్టేవాళ్ళూ కాపలా వాళ్ళూ అందరూ ఇక్కడే. మేమూ ఇక్కడే తాగాం. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు ఒకతను మా గొడవ విని నవ్వాడు. రోజూ ఇలా పొరపాటున దిగేవాళ్ళు చాలామందే ఉంటారట.

"ఫికర్ జెయ్యకుర్రి సార్. మల్ల పైకెక్కి సీదా పోర్రి, గంతే" అన్నాడు.

బావ మాత్రం తప్పు లారీదని తేల్చాడు. స్తంభం, గుంజ, ఇప్పుడు లారీ. నేను తీర్పులో ఒక గీత కొట్టేశాను.

శంషాబాద్ దాటాక

నాకు షుగరు ఉంది. షుగరున్న మనిషి పొద్దున్నే టీ తాగి రింగురోడ్డు ఎక్కకూడదు, ఇది నా అనుభవం. మన రోడ్ల మీదైతే ఏ చెట్టు పక్కనో బండి ఆపి పని కానిస్తాం. ఇక్కడ రెండు వైపులా కంచె, ఆపరాదని బోర్డులు. మధ్యలో మాత్రం కాగితపు పూలు రంగురంగుల్లో పూయించారు, చూసి ఆనందించే స్థితిలో నేను లేను. శంషాబాద్ దగ్గర ఒక విమానం నెత్తి మీదుగా దిగింది. అందులో కూడా మరుగుదొడ్డి ఉంటుంది.

దానికి తోడు బావ ఒక లారీ వెనక చేరి కదలడు. ఎడమ పక్కన నడవాల్సిన లారీ కుడివైపు వరసలో నడుస్తోంది, దాని వెనక మేము, మా వెనక హారన్లు కొడుతూ ఒక డజను కార్లు. దాటమంటే దాటడు. నిదానమే ప్రధానమని నాకు నీతి బోధ. అక్క కట్టిన వడ ఒకటి నోట్లో కుక్కుకుని ఊరుకున్నాను.

తుక్కుగూడ దాటాక, బొంగ్లూరు బోర్డు వస్తే చెప్పమన్నాడు. ఈసారి ఎగతాళిగా కాదు, మామూలుగానే అడిగాడు. నేనేమో కాళ్ళు ముడుచుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బోర్డు మా పక్కనే ఉంది. ఇదే బావా అని అరిచాను. కారు అప్పటికే దాటిపోయింది. ముందు పోయే కారు ఒకటి కూడా మాలాగే తప్పి, అంచుకు వెళ్ళి రివర్సులో వస్తోంది, అంత వేగంగా బండ్లు వచ్చే రోడ్డు మీద. మనమూ వెనక్కి తీద్దామా అని బావ అడిగాడు. నా పెళ్ళాం బిడ్డలు గుర్తుకొచ్చి, వద్దు, పద అన్నాను.

పెద్ద అంబర్‌పేట

ఇక్కడ దిగి, ఒక హోటల్లో ముందు మరుగుదొడ్డికి పరిగెత్తి, తర్వాత ఇడ్లీ చెప్పాను. ప్లేటు అరవై. చట్నీలో పల్లీలకంటే నీళ్ళు ఎక్కువ. మా ఊళ్ళో ఇడ్లీ మీద కారం పొడి, నెయ్యి వేసి పెడతారు, అడగనక్కర్లేదు. ఇక్కడ నెయ్యి అంటే ఇంకో ముప్పై.

అక్కడి నుంచి సర్వీసు రోడ్డులో వెనక్కి వచ్చాం. తప్పు వైపు నుంచి వచ్చే బైకులు, గేదెలు, గుంతలు. ఇక్కడ బావ చేతులు మారిపోయాయి. పైన గీత గీసినట్టు నడిపిన మనిషి ఇక్కడ అడుగడుగునా బ్రేకు తొక్కుతాడు, గేదె దగ్గరికి వచ్చాక గేదె అని తెలుస్తుంది ఆయనకు. చెమట పట్టింది. ఏసీ పెంచాను. అలిసిపోయాడనుకున్నాను.

ప్లాటు

వెంచరులోకి వెళ్ళాక అన్ని వరసలూ ఒకేలా ఉన్నాయి. మట్టిరోడ్లు, నడుమెత్తు కంప, అందులో అక్కడక్కడా పాతిన రాళ్ళు. బావ కారు దిగి తిన్నగా ఒక ప్లాటు దగ్గరికి వెళ్ళి, ఇదే మనది అన్నాడు. సొంత ప్లాటు, ఆయనకు కాక నాకు తెలుస్తుందా. నేను కొడవలి పట్టాను. ఆయన ఒక్కో రాయి దగ్గరా గొంతుక్కూర్చుని, ముక్కు రాయికి తగిలేంత వంగి, నలభై ఎనిమిది అని నల్ల పెయింటుతో దిద్దుకుంటూ పోయాడు. మూడు రాళ్ళు అయ్యాయి.

మట్టిరోడ్డు మీద ఒక ఆడమనిషి వడివడిగా వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. భుజాన సంచి, సంచిలోంచి పొడుచుకొచ్చిన బ్రష్షు.

"ఆగుర్రి. ఎవలు మీరు? మా రాళ్ళకు మీ నంబరెందుకేస్తున్నరు?" అంది.

ఆమె పేరు స్వరూప. జనగామ వైపు మనిషి. మాదాపూర్‌లో ఆఫీసుకు క్యాబు నడుపుతుందట, రాత్రి డ్యూటీ ఆడపిల్లల్ని ఇళ్ళ దగ్గర దింపే బండి. అది సొంత బండి కాదు కాబట్టి సెలవు రోజు బస్సులో వచ్చింది. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం ఆమె మండిపడుతోంది. ఈ చుట్టుపక్కల జాగాలు పోయేది ఇలాగే, ఎవరో వచ్చి రాయి మీద నంబరు మార్చేస్తారు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగాలి. బావ కూడా తగ్గలేదు. ఇరవై ఏళ్ళుగా ప్లాట్లు చూపిస్తున్నవాణ్ణి, నా ప్లాటు నాకు తెలియదా అన్నాడు.

ఆమె ఒక రాయి దగ్గర కూర్చుని తడి పెయింటును గోటితో గీకింది. కింద పాత నంబరు బయటపడింది. నలభై ఆరు. నేను వెళ్ళి చూశాను, నలభై ఆరే. బావ కూడా వంగాడు.

ఆమె లేచి, రోడ్డవతలి రాయి చూపించింది. ఎవరో కొత్తగా, జానెడు అంకెలు వేసి ఉన్నారు. నాకు నిలబడిన చోటి నుంచే కనబడుతోంది, డెబ్బై ఒకటి.

"గా రాయి మీద ఏముందో చదువన్నా" అంది.

బావ అటు చూశాడు. కళ్ళు చిట్లించాడు. "నలబై ఎనిమిది" అన్నాడు గట్టిగా.

స్వరూప గొంతులో కోపం పోయింది, కానీ వచ్చింది అంతకంటే నయమైనదేమీ కాదు.

"గీ కండ్లతోటి రింగురోడ్డు మీద కారు నడుపుకుంట వచ్చినవా అన్నా?"

నాకు అప్పుడు అర్థమైంది. లారీ వెనక లారీ, చదువు చూద్దామన్న బోర్డులు, గుంజ, స్తంభం, అన్నీ. ఆయన మీద జాలి పడాల్సిన సమయం అది. నాకు జాలి రాలేదు, పిచ్చి కోపం వచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంత వేగంలో గుడ్డిగా తీసుకొచ్చాడు. ముందు కారు రివర్సులో వస్తుంటే, మనమూ తీద్దామా అన్నాడు. కొడవలి విసిరికొట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద, అయినా అన్నీ పడ్డాడు. రాయి మీద కూర్చుని, అంతా అయ్యాక చెప్పాడు.

"పొగ కమ్మినట్టుంటాది రమణా. ముందర బండి ఎర్ర లైట్లు తెలుస్తాయి, తెల్ల గీత తెలుస్తాది. ఆ రోడ్డు మీద అవి రెండూ ఉంటే సాలు. ఎదురొచ్చేవాడు లేడు, అడ్డం దూరేవాడు లేడు. మన సందుల్లో కంటే ఆడే నాకు నయం. బోర్డులే సదవలేను."

డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదంటే, పోతే కారు మానమంటాడని చెప్పాడు. "కారు మానేస్తే నన్ను పిలిచేదెవురురా?" అన్నాడు. అది విని నాకు ఇంకా కోపం వచ్చింది.

తిరుగు దారి

టర్పెంటైన్ పోసి ఆ మూడు రాళ్ళూ నేనే తుడిచాను. స్వరూప పక్కన నిలబడి, మరక మిగిలిన చోటల్లా వేలుపెట్టి చూపించింది. రాళ్ళు ఆరాక తన నంబరు తానే దిద్దుకుంది. మా ప్లాటు రెండు ప్లాట్ల అవతల ఉంది. దాని రాళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, కంప కూడా ఎక్కడిదక్కడే ఉంది. దాన్ని కొట్టే ఓపిక నాకు లేదు. చిత్రాన్నం ముగ్గురం పంచుకున్నాం. ఆమె తెచ్చిన జొన్నరొట్టెల్లో పచ్చికారం ఉంది, మా చిత్రాన్నం దాని ముందు చప్పగా అనిపించింది.

నాకు కారు రాదు. బావను ఎక్కనిచ్చేది లేదు. స్వరూప ఉండేదీ కొండాపూరే. బస్సు కోసం నడవడం కంటే ఇదే నయమని ఆమే తాళం అడిగింది. బావ చాలాసేపు చేతిలో పట్టుకుని, ఇచ్చాడు. వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు. తన కారులో వెనక ఎప్పుడూ కూర్చోలేదట, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె బొంగ్లూరు దగ్గరే ఎక్కించింది. తిరుగు ప్రయాణంలో రోడ్డు గురించి రాయడానికి ఏమీ లేదు, అంత బాగా జరిగింది. కళ్ళున్నవాళ్ళ కోసం వేసిన రోడ్డు అది, వాళ్ళకు నిజంగానే అరగంటలో చేరుస్తుంది.

సగం దారిలో బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"అక్కకు చెప్పొద్దురా. కన్ను చూపిచ్చుకుంటా, ఒట్టు. బాగ నడిపినాడని ఒక్క మాట చెప్పు సాలు."

ప్రొద్దుటూరులో నాకు మొదటి ఉద్యోగం ఆయన దుకాణంలోనే. ఈ జిరాక్స్ మిషను కొనేటప్పుడు బ్యాంకులో నాకు పూచీ నిలబడిందీ ఆయనే. సరే బావా, చెప్తాలే అన్నాను. అన్నాక నా మీద నాకే రోత పుట్టింది. స్వరూప అద్దంలోంచి ఒకసారి చూసింది. కోకాపేట టవర్లు ఎండకు ఎర్రగా మెరుస్తూ ఎదురుగా నిలబడ్డాయి, ఎంత దూరం నుంచైనా కనబడతాయి అవి.

"శంషాబాద్ వచ్చిందా?" అని అడిగాడు బావ.

ఇల్లు

కారు సెల్లార్‌లో స్తంభాల మధ్య పెట్టి, తాళం బావ చేతికిచ్చి, స్వరూప నడిచి వెళ్ళిపోయింది. మేము పైకి వెళ్ళాం. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి చేయి తుడుచుకుంటోంది. నన్నే చూస్తోంది.

"ఎట్ల నడిపినాడురా?"

నేను నోరు తెరిచాను. బావ నా భుజం మీద చేయి వేసి ఆపాడు.

"వాణ్ణి అడగొద్దు. నా కోసం అబద్ధం చెప్తాడు" అన్నాడు. "నాకు కండ్లు కనపళ్ళేదే లక్ష్మీ."

తాళం బల్ల మీద పెట్టాడు. చవితి నుంచీ ఆ తాళం కోసం పోట్లాడిన మనిషి, దానివైపు కూడా చూడలేదు.

"నేను కనపడ్తాండానా?" అంది అక్క.

"మనిషివి తెలుస్తాండావు. మొగం తెల్దు."

అక్క గుమ్మం దిగి సోఫా దాకా వచ్చింది. ఇప్పుడో అంది. ఇంకా రా అన్నాడు. బల్ల దాకా వచ్చింది. ఇంకా అన్నాడు. మోకాళ్ళు తగిలేంత దగ్గరికి వచ్చి ఆగింది. బావ తల వంచి ఆమె ముఖంలోకి చూశాడు, పొద్దున రాళ్ళను చూసినట్టే, ముక్కు తగిలేంత దగ్గరగా.

"ముక్కుపుడక ఎప్పుడు మార్చినావు?" అన్నాడు.

"ఉగాదికి" అంది అక్క.